ఆటలో ఉండుండి ల్యాగ్ కొడుతోందా? ప్లాన్ మార్చే ముందు రెండు పింగ్ విండోలు తెరవండి

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. తిరుపతిలో ఇల్లుంటే ఏమవుతుందో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. దర్శనానికి వచ్చే చుట్టాలందరికీ మన హాలే సత్రం. మా మేనల్లుడు మా దగ్గరే ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గదిలో దూరి వాలరెంట్ అనే ఆన్‌లైన్ కాల్పుల ఆట మొదలుపెడతాడు. సోమవారం నుంచి గురువారం దాకా ఆట సాఫీగా సాగుతుంది. శుక్ర, శనివారాల్లో మాత్రం లోపలి నుంచి కేక వినబడేది: "మామా, మళ్లీ పాయ!" నేను వెళ్లి చూసేసరికి అంతా మామూలే. పింగ్, అంటే డేటా సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం, 34 మిల్లీసెకన్లు. రెండు నిమిషాలాగితే 420. మళ్లీ 34.

చిక్కంతా ఇక్కడే ఉంది. నెట్ పూర్తిగా పోతే ఎవరైనా కనిపెడతారు. ఉండుండి వచ్చి, మనం చూసేలోపు మాయమయ్యే ల్యాగ్‌ను పట్టుకోవడమే కష్టం. స్పీడ్ టెస్ట్ పెడితే కట్టిన 40 ఎంబీపీఎస్‌కు 40 వస్తుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంటారు. మావాడు అదీ చేశాడు, డీఎన్ఎస్ మార్చాడు, ఏదో బూస్టర్ యాప్ కూడా వేశాడు. చివరికి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారదామని నా వెంట పడ్డాడు. రూపాయి ఖర్చు పెట్టేముందు ఒక్క పూట నాకు టైమివ్వమన్నాను. ఆ పూట తేలిందీ, తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లలో చూసినవీ కలిపి రాస్తున్నాను.

## స్పీడ్ వేరు, ఆలస్యం వేరు

ఆన్‌లైన్ ఆట పెద్దగా డేటా తినదు. ఒక ఎంబీపీఎస్ అటూ ఇటూ ఉంటే చాలు. కానీ ఆ కాస్త డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా, సెకనుకు పదుల సార్లు, వేళ తప్పకుండా వెళ్లి రావాలి. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆట లెక్క చూసుకుంటుంది. అంటే 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. మీ ప్యాకెట్ 400 మిల్లీసెకన్లు ఎక్కడో చిక్కుకుందంటే, ఈలోపు యాభైకి పైగా లెక్కలు మీరు లేకుండానే జరిగిపోయాయి. మూల తిరిగేలోపే చచ్చిపడి ఉండటం అందుకే.

వీడియోకు ఈ బాధ లేదు. అది రాబోయే అర నిమిషం బొమ్మను ముందే తెచ్చి పెట్టుకుంటుంది. ఆట అలా తెచ్చి పెట్టుకోలేదు, అవతలివాడు తర్వాత ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు కదా. కాబట్టి "యూట్యూబ్ బాగానే వస్తోంది, నీ ఆటకే రోగమా" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, పాపం వాళ్ల తప్పు కాదు, కానీ వాదన మాత్రం నిలవదు.

మూడు మాటలు తెలిస్తే చాలు. ప్యాకెట్ పోయి రావడానికి పట్టే సమయం పింగ్. ఆ సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉండటం జిట్టర్. అసలు తిరిగి రాకపోవడం ప్యాకెట్ లాస్. చిత్తూరు బస్సు రోజూ రెండు గంటలకు చేరుతుందంటే మనం దానికి తగ్గట్టు బయల్దేరతాం. ఒకరోజు గంటన్నరకు, ఇంకోరోజు మూడు గంటలకు చేరితేనే తంటా. ఆట కూడా అంతే. నిలకడగా 70 ఉన్న పింగ్‌తో ఆడొచ్చు. 30కీ 300కీ మధ్య గంతులేసే పింగ్‌తో ఆడలేం.

ఇంకో సంగతి. పింగ్‌ను ఎంతైనా తగ్గించుకోవచ్చనుకోకండి. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అంటే వంద కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. చెన్నై మనకు పక్కనే. ముంబై తిన్నగా కొలిచినా తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాట, కేబుల్ తిన్నగా పోదు, దారిలో రౌటర్లుంటాయి. ముంబై సర్వర్‌కు 25 నుంచి 40 వరకు కనబడితే అది జబ్బు కాదు. సింగపూర్ సర్వర్ ఎంచుకుని పింగ్ ఎక్కువని ఏడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. సెట్టింగ్స్‌లో ఏ సర్వర్ ఉందో ముందు చూసుకోండి.

## పరీక్ష: ఒకే తెర మీద రెండు విండోలు

కంప్యూటర్ నుంచి ఆట సర్వర్ దాకా ఉన్న దారిని రెండు ముక్కలు చేద్దాం. మన కంప్యూటర్ నుంచి మన రౌటర్ దాకా ఒకటి, రౌటర్ నుంచి బయటి లోకం దాకా ఇంకొకటి. ల్యాగ్ వచ్చిన క్షణంలో ఏ ముక్క కుంటుతోందో చూడాలి.

విండోస్‌లో సీఎండీ (cmd, ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) తెరవండి. ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అనే చోట ఒక నంబరు కనబడుతుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. అదే మీ రౌటర్ అడ్రస్. ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు ఇచ్చి, ఖాళీ వదిలి, హైఫన్ పక్కనే టి పెట్టి ఎంటర్ నొక్కండి. ఆ టి లేకపోతే నాలుగుసార్లు అడిగి ఊరుకుంటుంది. ఉంటే మీరు కంట్రోల్, సి కలిపి నొక్కేదాకా సెకనుకోసారి అడుగుతూనే ఉంటుంది. ఇది మొదటి విండో. రెండో విండోలో ఇదే పని 8.8.8.8కో 1.1.1.1కో చేయండి, ఇవి బయట ఎప్పుడూ పలికే పెద్ద సర్వర్ల అడ్రస్‌లు. రెండూ పక్కపక్కన పెట్టి ఆట మొదలుపెట్టండి. ల్యాగ్ కొట్టగానే టైము కాగితం మీద రాసుకుని, రెండు విండోలూ చూడండి.

మొదటి విండోలోనే అంకెలు ఎగిరితే, లేదా రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అని పడితే, తప్పు మీ ఇంటి లోపల, ఎక్కువగా వైఫైలో. మొదటిది 1, 2 దగ్గర కదలకుండా ఉండి రెండోది ఎగిరితే తప్పు రౌటర్ దాటాక. రెండూ నిలకడగా ఉండి తెర మాత్రమే ఆగితే నెట్‌ను తిట్టకండి, అది కంప్యూటర్ గొడవ, లేదంటే ఆట సర్వర్ గొడవ. ఎప్పుడో ఒకసారి రౌటర్ 15, 20 చూపిస్తే పట్టించుకోనక్కర్లేదు. రౌటర్‌కు పింగ్‌కు బదులివ్వడం ముఖ్యమైన పని కాదు, తీరిక దొరికినప్పుడు పలుకుతుంది.

కనీసం గంటసేపు ఇలా నడవనివ్వండి. ఐదు నిమిషాలు చూసి తీర్పు చెప్పేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

## లక్షణం: ఇంట్లో జనం ఉన్న రోజే, బయటి పింగ్ మాత్రమే ఎగురుతుంది

మా ఇంటి కథ ఇదే. శనివారం రాత్రి రెండు విండోలు తెరిచి కూర్చున్నాం. మావాడి కంప్యూటర్‌కు కేబుల్ ఉంది కాబట్టి మొదటి విండో 1 దగ్గర రాయిలా ఉంది. రెండోది 34, 35, 34. పది దాటాక మా పెదనాన్న కూతురు అక్కావాళ్లు కొండ దిగి వచ్చారు. ఐదుగురు మనుషులు, నాలుగు ఫోన్లు. ప్రసాదం పంచారు, భోజనాలయ్యాయి, ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టారు. పది నిమిషాలు కాకముందే రెండో విండోలో 36, 35, 412, 388, 401, 37. మొదటి విండో 1, 1, 1.

అప్పుడు వెలిగింది. గుళ్లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు సరే. కానీ ఘాట్ రోడ్డు మలుపులు, శ్రీవారి పాదాలు, పాపవినాశనం, దారిలో కనబడిన జింక, అన్నీ వీడియోలే. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి వైఫై దొరికితే ఫోటోల బ్యాకప్ తనంతట తానే మొదలవుతుంది. ఒక్కో ఫోన్‌లో 3 జీబీ అనుకున్నా నాలుగింటికి 12 జీబీ. 40 ఎంబీపీఎస్ లైను మీద అది పైకి ఎక్కాలంటే, ఇంకెవరూ నెట్ ముట్టకపోయినా 40 నిమిషాలు. ఒక వీడియో అయ్యాక ఇంకోటి మొదలయ్యే సందులో లైను ఖాళీ అవుతుంది, పింగ్ 34కు దిగుతుంది. మేము చూసినప్పుడల్లా అంతా బాగున్నట్టు కనబడింది అందుకే.

మావాడు హాల్లోకి వెళ్లి "పెద్దమ్మా, ఒక్క నిమిషం ఫోన్ ఇస్తావా" అన్నాడు. "ఏం నాయనా, నేనేమన్నా తప్పుగా నొక్కినానా?" అని ఆమె కంగారు. బ్యాకప్ ఆపగానే 412లు 120లయ్యాయి. నాలుగో ఫోన్ కూడా ఆపాక మళ్లీ 34.

కారణం ఏమిటంటే, రౌటర్‌లో బయటికి పోయే ప్యాకెట్లకు ఒక వరుస ఉంటుంది. లైను పట్టేదానికన్నా ఎక్కువ వచ్చి పడితే వరుస పెరుగుతుంది. అలిపిరి చెక్‌పోస్ట్ దగ్గర పది బస్సులు ముందు నిలబడి ఉంటే, వెనక వచ్చిన బైకు కూడా ఆగాల్సిందే. బైకును చూడటానికి పట్టేది క్షణమే, కానీ దాని వంతు రావాలి కదా. 40 ఎంబీపీఎస్ లైను ముందు ఒక ఎంబీ డేటా వరుసలో ఉందంటే, వెనకున్న ఆట ప్యాకెట్‌కు 200 మిల్లీసెకన్ల నిరీక్షణ. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాన్ 100కు పెంచినా ఫోన్లు ఆ 100నూ నింపేస్తాయి, కాస్త తొందరగా ముగిస్తాయంతే.

మీ ఇంట్లో ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. 8.8.8.8కు పింగ్ నడుస్తుండగానే ఇంకో ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ నడిచే సమయంలో పింగ్ 20, 30 పెరిగితే పరవాలేదు. వందలు పెరిగితే దొరికినట్టే. అప్‌లోడ్ సమయాన్ని గట్టిగా చూడండి. ఇంట్లో ఎవరూ డౌన్‌లోడ్ చేయట్లేదు కదా అని మనం మర్చిపోయేది దాన్నే.

ఫోన్లు కాకపోతే ఇంకెవరు? వీడియోను బయటికి పంపే సీసీ కెమెరా ఒకటి. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మీరు దించుకున్న అప్‌డేట్‌ను వేరేవాళ్ల కంప్యూటర్లకు మీ లైను మీదుగా పంపగలదు. దాన్ని ఆపేయండి. ఆటల లాంచర్లు వెనకాల అప్‌డేట్లు దించుకోకుండా టైము పెట్టండి.

పరిష్కారాల్లో మాకు పనికొచ్చింది చాలా చవకైనది. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, దానికి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ దాటకుండా కట్టేశాం. ఈ పరిమితి పెట్టే వీలు అన్ని రౌటర్లలో ఉండదు, చాలావాటిలో ఉంటుంది, చూసుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి హాల్లో క్యాలెండర్ పక్కన అంటించాం. చుట్టాలకు చుట్టాల వైఫై.

ఇంతకన్నా మంచి మందు ఎస్‌క్యూఎం, అంటే ఆ వరుసను అదుపులో పెట్టే సౌకర్యం. రౌటర్‌లో ఇది ఉంటే ఆన్ చేసి, మీ నిజమైన స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టండి. 40 వచ్చే లైనుకు 36. ఆ నాలుగు ఎంబీపీఎస్ వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు, కానీ కిటుకంతా అక్కడే. వరుస కంపెనీ పెట్టెలో కాకుండా మన రౌటర్‌లోనే తయారవుతుంది, మన రౌటర్ బైకులకు వేరే లైను తీస్తుంది. ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే పద్ధతులు చేసే పని ఇదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఇవి దొరుకుతాయి. కంపెనీవాళ్లు ఉచితంగా ఇచ్చే పెట్టెల్లో సాధారణంగా ఉండవు. "గేమింగ్ రౌటర్" అని కొమ్ములున్న పెట్టెను పదివేలు పోసి కొనేముందు, అందులో ఈ సౌకర్యం ఉందో లేదో అడగండి. యాంటెన్నాలు ఎన్నున్నా వరుస తగ్గదు.

## లక్షణం: రౌటర్ పింగే ఎగురుతోంది

అంటే వైఫై. ఎం.ఆర్.పల్లిలో ఒక మిత్రుడి ఇంటికి వెళితే, రౌటర్ ఇనప బీరువా వెనక, గోడకు దానికి మధ్య సందులో ఉంది. "వైర్లు కనబడకుండా నీట్‌గా ఉంటుందని" అన్నాడు. ఇనుము వైఫైని దాటనివ్వదు. తీసి తలుపు పైన షెల్ఫ్‌లో పెట్టాం. సగం జబ్బు అక్కడే పోయింది.

మిగతా సగం 2.4 గిగాహెర్ట్జ్. ఈ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తగలకుండా ఉండే ఛానెళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తెరిచి చూస్తే ఇరవై నెట్‌వర్క్‌లు కనబడతాయి. అందరూ ఆ మూడింట్లోనే తోసుకుంటుంటారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లూ ఇదే బ్యాండ్. మైక్రోవేవ్ అవెన్ కూడా ఇదే తరంగం దగ్గర పనిచేస్తుంది. అమ్మ పాలు వేడిచేసిన రెండు నిమిషాలే ల్యాగ్ వస్తోందంటే ఇంక వెతకనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అది గోడలు అంతగా దాటదు, రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉంటే బాగుంటుంది.

నిజానికి వైఫై గురించి ఇంత చదవకుండా, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు పదిహేను మీటర్ల క్యాట్-6 కేబుల్ లాగేయండి. నా సలహా ఎప్పుడూ అదే. కొనకపోయినా ఎవరిదైనా అడిగి ఒక్క రాత్రి పెట్టి చూడండి. కేబుల్‌తో ల్యాగ్ పోతే అనుమానమే అక్కర్లేదు. కేబుల్ పెట్టాక కూడా రౌటర్ పింగ్ తప్పిపోతుంటే కొస కనెక్టర్ చూడండి. క్రింపింగ్ సరిగ్గా లేనిది కదిపితే తెగుతూ అతుకుతూ ఉంటుంది.

వైఫైలోనే రెండు ప్రత్యేక రకాలున్నాయి. ఒకటి, గడియారం పెట్టినట్టు సమాన వ్యవధిలో వచ్చే ల్యాగ్. రాసుకున్న టైములు 10:04, 10:05, 10:06 ఇలా ఉన్నాయంటే, మీ ల్యాప్‌టాప్ వెనకాల చుట్టుపక్కల నెట్‌వర్క్‌లను వెతుకుతోంది. వెతికేటప్పుడు తన ఛానెల్ వదిలి వేరే ఛానెళ్లు తొంగి చూస్తుంది, ఆ కాసేపు ఆట ఆగుతుంది. విండోస్‌లో లొకేషన్ సర్వీస్ ఆపండి, వైఫై కార్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అన్నిటికన్నా తక్కువకు పెట్టండి, పవర్ సేవింగ్ తీసేయండి. మ్యాక్ అయితే ఎయిర్‌డ్రాప్, హ్యాండాఫ్ ఆపి చూడండి.

రెండోది, ఉన్నట్టుండి వైఫై పూర్తిగా పోయి, ఒక నిమిషం తర్వాత తనే రావడం. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం విన్నానని అనిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ వెంటనే ఖాళీ చేయాలి. ఇలాంటిదే ఇంకో ఛానెల్‌కు మారితే అక్కడ కనీసం నిమిషం సేపు చెవి ఒగ్గి, ఆ తర్వాతే మాట్లాడాలి. రౌటర్‌లో ఆటో తీసేసి 36 నుంచి 48 లోపు గానీ 149 నుంచి 161 లోపు గానీ ఒకటి పెట్టండి. రాడార్ అనగానే మావాళ్లు గాదంకి మీద పడతారు. చిత్తూరు దారిలో ఉన్న ఆ వాతావరణ పరిశోధన కేంద్రంలోని పెద్ద ఎంఎస్‌టీ రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, వైఫైకి అది ఆమడ దూరం. దాన్ని వదిలేయండి.

## లక్షణం: గాలి వీచినా, వాన పడినా, కోతి దూకినా

కపిలతీర్థం వైపు, అలిపిరి వైపు ఉన్న వీధుల్లో ఇది కొత్త కాదు. స్తంభం నుంచి స్తంభానికి వేలాడే ఫైబర్ కోతులకు ఉయ్యాల. ఫైబర్ తెగకపోయినా ఎక్కడో మడత పడితే వెలుతురు కారిపోతుంది. రౌటర్ పెట్టె మీద ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా మినుకుతోందా చూడండి. దాని సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని, అంటే లోపలికి వచ్చే వెలుతురు బలం, డీబీఎంలలో ఒక అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఇళ్లకు ఫైబర్ ఇచ్చే సాధారణ జీపాన్ పద్ధతి పెట్టెకు అంచు. గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా అటో ఇటో పడుతుంది.

మా కింది ఇంటివాళ్లకు మైనస్ 28 ఉండేది. వచ్చిన కుర్రాడు ముందు రౌటర్ మారుస్తానన్నాడు. అంకె చూపించాక నిచ్చెన తెచ్చాడు. ఎదురు స్తంభం మీద ఫైబర్‌ను ఒక మేకుకు మడిచి కట్టి ఉంది, పెన్సిల్ అంత మలుపు. ఆ ముక్క కోసి కొత్తగా స్ప్లైస్ చేసి (అతికి) దిగేసరికి మైనస్ 21. ఏడు డీబీ తేడా అంటే ఐదు రెట్ల వెలుతురు. లోపల కూడా ఫైబర్‌ను తలుపు సందులో నొక్కకండి, చుట్ట చుట్టేటప్పుడు చిన్న గాజు సైజులో చుట్టకండి.

## లక్షణం: రెండు మూడు నిమిషాలు పూర్తిగా పోయి వస్తుంది

కరెంటు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు పోయిందని మీకు తెలియదు, కానీ ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులో రౌటర్ రీస్టార్ట్ అయి ఉంటుంది. రౌటర్ పేజీలో అప్‌టైమ్ చూడండి. నిన్న ఆన్ చేసిన రౌటర్ "12 నిమిషాలు" అని చూపిస్తే ఇదే. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెడితే తీరుతుంది. ఫైబర్ పెట్టె, వైఫై రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ పెట్టాలి. కరెంటు పోకపోయినా అప్‌టైమ్ మాటిమాటికీ సున్నా అవుతుంటే అడాప్టర్ ముసలిదై ఉంటుంది, అదే వోల్టేజీ ఉన్నది కొత్తది మార్చండి. వీధి పెట్టెకు బ్యాకప్ లేని లోకల్ ఆపరేటర్ అయితే మీ ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లున్నా లాభం లేదు.

## లక్షణం: రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు

ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఫోన్లన్నీ ఆపినా, బయటి పింగ్ రాత్రిపూట ఎగురుతూ, తెల్లవారుజామున సుప్రభాతం వేళకు కడిగినట్టు శుభ్రంగా ఉంటే, వీధి మొత్తం వాడే లైను ఇరుకైందన్నమాట. జీపాన్‌లో ఒక్క పోర్టును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. దానికి వచ్చేది మొత్తం 2.5 గిగాబిట్లు. అక్కడ కాకపోతే ఆ పైన ఆపరేటర్ కొన్న బ్యాండ్‌విడ్త్ దగ్గర బిగుసుకుని ఉండొచ్చు.

ఇక్కడ మన చేతిలో ఉన్నది సాక్ష్యం ఒక్కటే. దారిలో ఉన్న ఒక్కో రౌటర్‌నూ (మజిలీనీ) కొలిచే పాత్‌పింగ్ గానీ విన్‌ఎంటీఆర్ గానీ నడిపి, రాత్రి తొమ్మిదికి ఒకటి, ఉదయం ఐదుకు ఒకటి, మూడు రోజులు స్క్రీన్‌షాట్లు తీయండి. చదివేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు: మధ్యలో ఒక మజిలీలో 60 శాతం లాస్ కనబడగానే అక్కడే తప్పని ఎగురుతారు. దాని తర్వాతి మజిలీల్లో లాస్ లేకపోతే అది లాస్ కాదు, ఆ రౌటర్ పింగ్‌లకు బదులివ్వడం తగ్గించుకుంది, అంతే. ఒక మజిలీలో మొదలై చివరిదాకా కొనసాగే లాస్‌నే లెక్కలోకి తీసుకోండి. కేబుల్ పెట్టి తీసిన కొలతలే చూపించండి, లేకపోతే "మీ వైఫై సార్" అని తప్పించుకుంటారు. ఫిర్యాదు నంబరు తీసుకోండి, తేలకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయండి. అన్నిటికన్నా ముందు పక్కింటివాళ్లు ఏ కంపెనీయో, వాళ్లకు రాత్రి ఎలా ఉందో అడగండి. కంపెనీ మారాలనుకుంటే ప్రకటన కాదు, పక్కింటి పింగ్ చూడండి.

వీపీఎన్‌లు, బూస్టర్లు ఈ జబ్బుకే అంటారు. మీ కంపెనీ ప్యాకెట్లను చుట్టుదారిలో తిప్పుతుంటే అవి దారి మార్చి నిజంగానే కాస్త మేలు చేయగలవు. ఇరుకు సందు మీ వీధిలోనే ఉంటే వీపీఎన్ కూడా ఆ సందులోంచే పోవాలి. డీఎన్ఎస్ సంగతి ఇంకా సులువు: పేరు ఇస్తే అడ్రస్ చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆట మొదలయ్యాక దానికి పనే లేదు.

## లక్షణం: ఫోన్‌లో, సిమ్ డేటా మీద

ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవాళ్లది ఇంకో లోకం. ఫోన్ 5జీకి, 4జీకి మధ్య ఊగుతుంటే ప్రతి మార్పుకూ ఒక కుదుపు. సెట్టింగ్స్‌లో 4జీకి కట్టేసి ఆడి చూడండి, స్పీడ్ తగ్గినా నిలకడ వస్తుంది. రెండు సిమ్‌లుంటే, రెండో సిమ్‌కు కాల్ వచ్చినప్పుడు మొదటిదాని డేటా చాలా ఫోన్లలో ఆగిపోతుంది. మ్యాచ్ అయ్యేదాకా ఆ సిమ్ ఆఫ్ చేసుకోవడమే. వైఫై బలహీనపడితే డేటాకు తనే మారే సెట్టింగ్ కూడా తీసేయండి.

గంగమ్మ జాతర వారంలోనో, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రో సిమ్ డేటా మీద ర్యాంక్ మ్యాచ్ ఆడకండి. ఊళ్లో అన్ని లక్షల ఫోన్లు ఉన్నప్పుడు టవర్ ఎవరికని పలుకుతుంది?

## లక్షణం: పింగ్ కదలదు, తెర మాత్రం ఆగుతుంది

ఇది నెట్ ల్యాగ్ కాదు, ఫ్రేములు పడిపోవడం. మే నెలలో పై అంతస్తు గదిలో, స్లాబ్ కింద, బయట 42 డిగ్రీలున్నప్పుడు ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది పాపం. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, చల్లబడ్డాక మళ్లీ పెంచుతుంది. ఆట మొదలైన పదిహేను, ఇరవై నిమిషాలకే ఈ కుదుపులు మొదలవుతుంటే వేడే కారణం. వెనక రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి, ఫ్యాను దుమ్ము తీయించండి, పాతదైతే థర్మల్ పేస్ట్ మార్పించండి, ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు వచ్చే ఫ్రేములకు) పరిమితి పెట్టండి. ఛార్జర్ పెట్టకుండా ఆడకండి. దుప్పటి మీద పెట్టి ఆడేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

## లక్షణం: అందరికీ ఒకేసారి

ల్యాగ్ కొట్టగానే టీమ్ చాట్‌లో "మీకూనా?" అని ఒక్క ముక్క అడగండి. కర్నూలువాడికీ వైజాగ్‌వాడికీ అదే సెకనులో ఆగితే అది సర్వర్. మీ రెండు విండోలూ అప్పుడు 1, 34 అని నిమ్మళంగా ఉంటాయి. మొన్న అలాగే అయింది. మావాడు హెడ్‌ఫోన్ తీసి హాల్లోకి వచ్చాడు, పెద్దమ్మ ఇచ్చిపోయిన లడ్డూ డబ్బా తెరిచి తింటూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాల్లో సర్వర్ అదే వచ్చింది.